జంపఖానా మీద పుదీన

ఆయుర్వేద దవాఖాన వెనుక
పన్నెండు గజాల చదరం జాగా.
ఇన్నాళ్లూ పగిలిన సీసాలకూ, కాలు విరిగిన బెంచీలకూ,
ఒక కుంటి కుక్కకూ అదే ఇల్లు.
డాక్టరమ్మ నా చేతుల కాయితం పెట్టి
"మందు మొక్కల తోట, కనకలింగం,
వరుసగా, చూడముచ్చటగా" అన్నది.

నేను వాచ్‌మన్‌ను.
అంతకుముందు ముప్పై ఏండ్లు
కొత్తవాడల జంపఖానాలు నేసినోణ్ని.
మొక్కల సంగతి నాకేం ఎరుక?
గళ్ల సంగతి ఎరుక.

కాయితం తిరగేసి వెనక దిక్కు గీసిన.
ముందుగాల అంచు: చుట్టూ నిమ్మగడ్డి.
మూలకొక తులసి, రెండు నల్లవి, రెండు తెల్లవి.
నడుమ కమలం గుర్తుకు కలబంద.
మగ్గం మీదైతే ఆ జాగల ఎర్రనూలు పడేది.

సుతిలి పట్టడానికి అనసూర్య వచ్చింది.
ఆ కొస ఆమె, ఈ కొస నేను.
పెండ్లైన కొత్తల వాడకట్టు పొడుగునా
పడుగు సాగదీసినప్పుడు గూడ
గట్లనే నిలబడ్డది, నవ్వు ఆపుకుంట.
ఇప్పుడు నడుం పట్టుకొని నిలబడ్డది.
"జర ఇటు జరుగు" అన్న.
"వంకర నీ కన్నుల ఉన్నది, తాడుల లేదు."

మేస్త్రీ ఓదెలు వచ్చి తగువు తీర్చిండు:
ఈ పక్క మూడు మూరలు, ఆ పక్క నాలుగు,
ఐమూలకు ఐదొస్తే మూల కుదిరినట్టే.
ఐదు మీద బెత్తెడు వచ్చింది.
అనసూర్య ఏమనలే.
ఏమనకపోవుడు ఆమెకు బాగ తెలుసు.

బాటలకు ట్రాక్టరెడు ఎర్ర మొరం.
మడుల చుట్టూ గ్రానైటు ముక్కలు,
కరీంనగర్ దిక్కుకెల్లి లారీల వచ్చినయి,
ఎవరి వంటింటి గట్టుకో పోంగ మిగిలినయి.

మిరుగు వాన పడ్డ మూడోనాడు నాటినం.
రోగాల లెక్కన పెట్టమన్నది డాక్టరమ్మ,
దగ్గుకొక మడి, కడుపుకొక మడి.
నేను రంగుల లెక్కన పెట్టిన.
దవనం బూడిద పచ్చ,
దాని పక్కన గుంటగలగర చీకటి పచ్చ,
నేలవేము సన్నాకు, వామాకు మందం,
సరస్వతాకు నేలకు కరుసుకొని పల్చటి అల్లిక.
దగ్గు పక్కన జరం పడ్డది,
జరం పక్కన జుట్టు ఊడుడు.
ఆమె చూసి నవ్వింది గని పీకమనలే.

నెల తిరిగింది.
నూలైతే, పొద్దుగూకినప్పుడు ఏ పోగు ఏడ వదిలితే
తెల్లారి ఆడనే ఉంటది.
పుదీన రాత్రి నడుస్తది.
రాయి కిందికెల్లి దూరి, మొరంల తల లేపి,
దవనం మడిల కాలు పెట్టింది.
తుంచిన. మళ్ల వచ్చింది.
వస మాత్రం నీళ్లు చాలక ఎండిపోయి
ఈశాన్యం దిక్కు గడి బోసిగ మిగిలింది.

బాట నిండ గంగవాయిలి.
ఎవరూ నాటలే, ఎవరూ పిలువలే.
రెండు రోజులు కూసోని పీకిన.
మూడోనాడు చీటీ వరుసల నిలబడ్డ ముసలామె,
మోకాళ్ల నొప్పులామె,
వరుస ఇడిసిపెట్టి వచ్చి వంగి
కొంగుల తెంపుకుంటున్నది.
"పప్పులకు, బిడ్డా.
తోట మంచిగ పెట్టినవ్."
ఆమెకు నా అంచు కనపడలే, కమలం కనపడలే.
ఆమె చూసిన తోట అదే.

ఆదివారం దవాఖాన బంద్.
అనసూర్యను దాబా మీదికి తీస్కపోయిన.
పైకెల్లి చూస్తే అచ్చం జంపఖానానే,
తడిసి, ఎవరో ఇప్పుడే పరిచి పోయినట్టు.
చానసేపు చూసింది.
"ఒక్క పోగు తప్పింది" అన్నది.
"ఏడ?"
చెప్పలే. మెట్లు దిగింది, నడుం పట్టుకొని,
ఆపుకుంటున్నది నొప్పో నవ్వో తెల్వకుండ.

అప్పటిసంది నాలుగుసార్లు ఎక్కి చూసిన.
ఎండిపోయిన వస కాదట.
కుదరని మూల కాదట.
మొగులు మళ్ల ముసిరింది.
పుదీన రెండో బాట గూడ దాటింది.